అతకకుండా ఆగిన కారు

మావయ్య పోయాడన్న కబురు అందేసరికి నేను మా దీవుల్లోని వండూర్ జెట్టీలో డ్యూటీ మీద బోటెక్కేవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాను. అమ్మ ఫోనులో ఒక్కమాటే అంది. "మావయ్య ఎల్లిపోనాడే." వరసలో నిలబడ్డ ఒకావిడ తన పేరు రెండోసారి చెప్పింది. రాశాను. ఆ పేరు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత రాసినవేవీ గుర్తు లేవు.

ఆయన అమ్మకు అన్న. ప్రోతరాపూర్‌లో ఉండేవాడు. ఓడల వర్క్‌షాపులో పెయింటరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన గురించి అడిగితే మా చుట్టాలంతా ఓడలకు వేసిన రంగుల సంగతే చెబుతారు. నాకు కార్ల సంగతి తెలుసు, అదే మీకు చెబుతాను. మావయ్యకు కారు నడపడం రాదు. ఎక్కడికెళ్ళాలన్నా బస్సే. అలాంటి మనిషి ఇంట్లో అల్మారా నిండా కార్లుండేవి. అన్నీ పాతకాలపు ప్లాస్టిక్ కిట్లు. పెట్టెలో విడి ముక్కలుగా వస్తాయి. కత్తిరించి, రంగు వేసి, జిగురుతో అతికిస్తే జానెడు కారవుతుంది. తయారీ ఎప్పుడో ఆగిపోయిన కిట్లే ఆయనకు కావాలి. ఒక పెట్టెలో అద్దం ఉండదు, ఇంకోదాంట్లో టైర్లుండవు. అలాంటివి రెండు మూడు చెన్నై నుంచి ఓడ మీద తెప్పించుకుని ఒక కారు చేసేవాడు. కొత్తవి కొనుక్కోవచ్చు కదా అంటే, "కొత్తది ఎవుడైనా సేస్తాడు బేటీ. ఆగిపోయిన బండిని ముందు ఎతకాల" అనేవాడు.

చిన్నప్పటినుంచీ ఆదివారమైతే డాలీగంజ్‌లో బస్సెక్కి నేను అక్కడికే. పెట్టె మూత తీయగానే ఆయన ముందు వాసన చూసేవాడు. లోపల బూజు పట్టిందో లేదో ముక్కుతోనే చెప్పేసేవాడు. ఆయన జిగురు రాస్తే, అతుక్కునేదాకా ముక్కల్ని వేళ్ళతో నొక్కి పట్టుకోవడం నా పని. గోరంత ముక్క కింద పడిందా, అది దొరికేదాకా ఇల్లు ఊడవకూడదు. అత్తయ్య చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి, మామాకోడళ్ళకు అన్నం కూడా ఆ పెట్టెలోనే దొరుకుతుందేమో చూసుకోమని సాధించేది. మేమిద్దరం నేలమీద పాకుతూ నవ్వుకునేవాళ్ళం.

ఒకసారి వానల్లో ఆయన వైద్యానికి చెన్నై వెళ్ళాడు. అత్తయ్య కూడా వెళ్ళింది. ఇంటి తాళం నాకిచ్చారు. మా దీవుల్లో వారాల తరబడి కురిసి ఒక్కరోజు తెరిపిస్తే ఎవరూ ఖాళీగా కూర్చోరు. పరుపులు, సర్టిఫికెట్లు, ఎండుచేపలు అన్నీ ఎండకెక్కుతాయి. నేనూ ఏదో మేలు చేస్తున్నాననుకుని ఆయన పెట్టెలన్నీ విప్పి, ముక్కల్ని స్నానాల గది పైకప్పు రేకు మీద పరిచాను. వాటిలో ఒక ఎర్ర కారు బాడీ ఉంది. దానికోసం ఆయన ఏళ్ళ తరబడి ఎవరెవరికో ఉత్తరాలు రాశాడు. మధ్యాహ్నానికి దాని టాపు అప్పడంలా వంకర తిరిగింది.

తిరిగొచ్చాక చూపించాను. కోప్పడలేదు. కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూసి, "నీకు ప్లాస్టిక్ తెల్దు, ప్లాస్టిక్‌కి మనెండ తెల్దు. జానే దో, పోనీ" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ పూటంతా నేను ఆ కారునే చూశాను గానీ ఆయన చేతిని చూడలేదు.

తర్వాత వెళ్ళడం మానేశాను. ఆదివారం ఒకసారి రమ్మను, పనుంది అని అమ్మతో కబురు చేసేవాడు. నేను బాధపడకూడదని మర్యాదకు పిలుస్తున్నాడనుకున్నాను. డ్యూటీ అన్నాను, జ్వరమన్నాను. బస్సు దొరకలేదని కూడా అన్నాను, మా ఇంటి ముందే బస్సాగుతుంది. అలా రెండేళ్ళు గడిపేశాను. సిగ్గని పేరు పెట్టుకున్నాను గానీ అది పొగరే.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్తయ్య నన్ను ఆయన బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. పాత పేపరు మీద ఒక ఆకుపచ్చ కారు, ముక్కలు ముక్కలుగా. అన్నిటికీ రంగు పూర్తయింది. ఏది దేని పక్కన అతకాలో ఆ వరసలోనే పెట్టి ఉన్నాయి. ఒక్కటీ అతకలేదు. తలుపుల మీద రంగు గీతలు వంకరగా ఉన్నాయి. ఓడల మీద కొలతకు తాడు కూడా పట్టకుండా తిన్నగా గీత గీసిన మనిషి ఆయన.

"సెన్నై ఎల్లకముందునుంచే కుడిసెయ్యి వణుకు. వైద్యం దానికే" అంది అత్తయ్య. "నువ్వు బెంగెట్టుకుంటావని సెప్పనివ్వలేదు. రంగులు ఎలాగో ఏసేడు. అతకడానికి మాత్రం దాని సెయ్యి కావాలి, అదొస్తాది అని నీ గురించే అనేవోడు."

పిలిచినప్పుడల్లా ఆయనకు నిజంగానే పనుంది. నేను వెళ్ళలేదు. ఇంతకంటే నేను చెప్పుకోగలిగింది లేదు.

అక్కడే కూర్చుని జిగురు సీసా విప్పాను. ఇంజిన్ రెండు సగాలకూ రాసి, కలిపి, వేళ్ళతో నొక్కి పట్టుకున్నాను. కాసేపు చూసి అత్తయ్య, ఇంకెంతసేపు పట్టుకోవాలని అడిగింది. నాకు తెలీదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తెలుసుకోలేదు. సాల్లే, ఒదిలీ అని ఆయనే చెప్పేవాడు. వేళ్ళు నొప్పి పుడుతున్నా అలాగే పట్టుకుని కూర్చున్నాను.