ఎదురింటి పెద్దమ్మ పోసిన ఒడిబియ్యం

మా ఎదురింటి పెద్దమ్మ మొన్న మంగళవారం పొద్దున కన్నుమూసింది. "పిల్లాజెల్లా లేని మనిషి, పాపం" అని మిర్యాలగూడలో మా వీధంతా నిట్టూర్చింది. ఆ పాపం అన్న మాట వింటే ఆమె లేచి కూర్చుని తిట్టేది. ఆమె తరఫున నేను తిడుతున్నాను, చదవండి.

చిన్న వయసులోనే భర్త పోయాడు. అప్పటినుంచి ఏ ఇంట్లో ఆడపిల్లకు ఒడిబియ్యం పోసినా ఆమెను వంటింటి గడప దాటి బయటికి రానివ్వలేదు. గారెలు, అరిసెలు అన్నీ ఆమె చేతివే కావాలి. పసుపు కలిపిన బియ్యం పిల్ల కొంగులో పోయడానికి మాత్రం ఆ చెయ్యి పనికిరాదు. "గారెలకు అంటని అశుభం బియ్యానికెట్ల అంటుతదే?" అని మొహం మీదే అడిగేది.

ఆమె మేడమీద కిరాయికున్న సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరు బదిలీ అయి వెళ్తూ తన పిల్లిని వదిలేసి పోయాడు. పుట్టుకతోనే తోక ఉండని జాతి. అది మూడు పిల్లల్ని పెట్టింది, మూడూ తల్లిలాగే. తోకలేని పిల్లి ఎదురైతే ఇంకేమన్నా ఉందా! తల్లినీ పిల్లల్నీ సంచిలో వేసి కాలువ అవతల వదిలి రమ్మని వీధి పెద్దలు తీర్పు చెప్పారు. పెద్దమ్మ పిల్లల్ని కొంగులో వేసుకుని వాకిట్లో నిలబడింది.

"నా చెయ్యి మంచిది కాదంటిరి, వీటి పుట్టుక మంచిగ లేదంటున్రు. మాకు మేమే సరిపోయినం పోండి. ఆడపిల్లల లెక్క సాగనంపుత, సూడున్రి."

అన్నంత పనీ చేసింది. ఆ నోటా ఈ నోటా పడి పిల్లిపిల్లలు కావాలని మనుషులొచ్చారు గానీ, అడిగినవాళ్లకల్లా ఇవ్వలేదు. ఇంట్లో కుక్క ఉందా, మొగుడు కోపిష్టా అని సంబంధం చూసినట్టు ఆరా తీసింది. కోదాడ టైలరమ్మకు ఒకటి, నేరేడుచర్ల రైసుమిల్లు డ్రైవరుకు ఒకటి కుదిరాయి. పిల్లను చేతికిచ్చి, ఆమె కొంగులో, అతని కండువాలో తన చేత్తో ఒడిబియ్యం పోసింది. ఇద్దరూ నవ్వుతూనే పట్టారు.

సూర్యాపేట నుంచి వచ్చిన బియ్యం కొట్టు ఆమె మాత్రం వెనక్కి జరిగింది. కొట్టులో ఎలుకల బాధ, పిల్లి కావాలి. "బియ్యం మాత్రం ఎవరన్నా ముత్తైదువతోటి పోయించరాదు?" అంది.

పెద్దమ్మ పిల్లిపిల్లను వెనక్కి తీసేసుకుంది. "నా చెయ్యి వద్దన్న ఇంటికి నా పిల్ల రాదు. బస్సుకు టైమైతుంది, పోయిరా బిడ్డా."

తర్వాత ఆ మూడోదాని కోసం ఎవరూ రాలేదు. దానికి ఇల్లు దొరకదేమోనని నాకు భయమేసి, "జర తగ్గరాదు పెద్దమ్మా" అన్నాను.

"తగ్గి తగ్గి నడుం వంగింది. ఇగ తగ్గ."

కొన్నాళ్లకు ఆ కొట్టు ఆమె తనే వచ్చి కొంగు పట్టింది. పెద్దమ్మ పోస్తుంటే కొన్ని గింజలు కింద రాలాయి. వంగి ఏరింది కొట్టు ఆమే.

మంగళవారం శవం దగ్గర, "అయినోళ్లు ఎవరన్నా ఉన్నరా?" అని ఎవరో అడిగారు. మూడు ఊళ్ల నుంచీ వచ్చినవాళ్లు ముందుకు జరిగారు.

"మేం వియ్యపోళ్లం" అంది సూర్యాపేట ఆమె. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

పాడె లేపగానే తల్లిపిల్లి గడప దిగి ఎదురుగా వచ్చింది. ఎవరో కర్ర ఎత్తారు. కోదాడ టైలరమ్మ అడ్డం నిలబడి, "ఆగండయ్యా, ముందు దాన్ని వెళ్లనివ్వండి" అంది. ఆనాడు తీర్పు చెప్పిన పెద్దలే పాడె భుజాన పెట్టుకుని ఆగిపోయారు. తోకలేని ఆ పిల్లి, తొందరేమీ లేకుండా, వాళ్ల ముందు నుంచి వీధి దాటింది.