బిడ్డ పేరు మీద ఆడిన ఆట

మంగళ చేతులకు లెక్క వచ్చు. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు. నోరు ఎవరితో ముచ్చట పెడుతున్నా, వేళ్ళు ఇరవై ఐదో బీడీ దగ్గర వాటంతట అవే ఆగి, కట్ట కట్టే దారం అందుకుంటాయి. నాలుగో తరగతిలో ఉండగా తల్లికి జబ్బు చేస్తే, బడి మాన్పించి ఆ చాట ఒళ్ళో పెట్టారు. అప్పటినుంచి అదే ఆమెకు పలక.

ఈ జూన్‌లో కూతురు శ్రావణి, విడీ ఘర్కుల్ అనే తమ బీడీ కార్మికుల పేటలోని మరాఠీ బడిలో మూడో తరగతికి వచ్చింది. క్లాసు టీచరు సుప్రియ మేడం తల్లుల ఫోన్లకు ఒక లెక్కల ఆట పంపింది. ఫోను మరాఠీలో ఒక సంఖ్య పలుకుతుంది. తెర మీద ఎగిరే గాలిపటాల్లో ఆ సంఖ్య ఉన్నదాన్ని వేలితో తాకితే, అది తెగి చుక్కై మెరుస్తుంది.

మొదటి సాయంత్రం శ్రావణికి ఒక్క చుక్కా రాలేదు. తల్లుల గ్రూపులో పిల్లల పేర్ల వరుస వచ్చింది. శ్రావణి అందరికన్నా అడుగున ఉంది.

మరునాడు మధ్యాహ్నం, పిల్ల బడికి వెళ్ళాక, మంగళ చాట పక్కన పెట్టి ఫోను తీసింది. ఒక్కసారే, పేరు కాస్త పైకి జరిగేదాకా, అనుకుంది. కానీ గాలిపటాలు ఒక్కొక్కటే తెగుతుంటే లోపలెక్కడో మూతపడ్డ బడి తలుపు తెరుచుకున్నట్టయింది. ఆ రోజు నుంచి నాలుగు కట్టలకొక ఆట, తర్వాత రెండు కట్టలకొక ఆట. నెల తిరిగేసరికి శ్రావణి పేరు వరుసలో మొదటికి చేరింది.

"విడీ ఘర్కుల్ మొత్తంల నీ బిడ్డే ఉషార్ అంటగదనే మంగళా!" అంది పక్కింటి చంద్రభాగ.

మంగళ నవ్వింది. చేతిలో ఉన్న కట్టను మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ శుక్రవారం శ్రావణి బడి నుంచి వచ్చి, సంచి దించకుండానే గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఏమైందే? ఎవరన్న కొట్టిండ్రా?"

"మేడం బోర్డు కాడికి పిలిచింది. శ్రావణి ఫస్ట్ ఉన్నది, ఇగ అందరికి శ్రావణే నేర్పుతది అన్నది. సత్తావీస్ రాయమన్నది."

"రాసినవా?"

"డెబ్బై రెండు రాసిన. అందరు నవ్విండ్రు. అనికేత్ నాకు 'ఉల్టీ గంగా' అని పేరు పెట్టిండు. నేను ఎనకకు పారే గంగనట."

మంగళకు వెంటనే అర్థమైంది. ఇరవై ఏడంటే ఇంట్లో తెలుగులో ఇరవై ముందు, ఏడు వెనుక. బడిలో మరాఠీలో ఏడు ముందు, ఇరవై వెనుక: సత్తా, వీస్. పిల్ల విన్న వరుసలోనే రాసింది. ఈ పేటలో పుట్టిన పిల్లలు చాలామంది పడే గుంటే అది. చిన్నప్పుడు తానూ పడింది, పంతులమ్మ చెవి మెలిపెట్టి లేపింది. శ్రావణి పడినట్టు మాత్రం ఎవరికీ కనపడలేదు. ఆ గుంట మీద నెల రోజులుగా మంగళే చుక్కలు పరుస్తూ వచ్చింది.

"వస్తలేదని నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు ఆడుతున్నవని నాకెర్కనే." పిల్ల గోడ సున్నం గోటితో గీకుతూ అంది. "నాకు రాదనే కదమ్మా ఆడినవ్?"

రాదని కాదు. మొదటి రోజు తప్ప మిగతా రోజులన్నీ తనకు ఇష్టమై ఆడింది. ఆ మాట లోపలే ఉంచుకుని, మంగళ పిల్ల భుజం మీది సంచి దించింది.

శనివారం పొద్దున్నే బడికి వెళ్ళింది. "మేడం, ఆ చుక్కలు పిల్లయి కావు. నేను ఆడిన."

సుప్రియ మేడం ఫోను తీసి చూసింది. "అవును, రెండు గంటలకు ఆడినట్టే చూపిస్తున్నది. ఆ టైంల శ్రావణి నా ముంగట్నే కూసుంటది. నేనన్న చూడొద్దా?" తర్వాత తేలిగ్గా అంది, "మూడో తరగతి మీరు పాసైండ్రు తాయీ. ఇగ నాలుగోదాంట్ల కూసోండ్రి."

మంగళ తల వంచుకుంది.

ఆమె ముఖం చూసి మేడం గొంతు తగ్గించింది. "పిల్ల ఏడ తప్పుతదో నాకు తెల్వాలనే ఈ ఆట పెట్టిన. ఎన్ని తప్పులైనా చెయ్యనియ్యండ్రి. పక్కన కూసోండ్రి గని, చెప్పకండ్రి."

మేడం ఆ చుక్కలన్నీ తుడిచేసింది. శ్రావణి పేరు మళ్ళీ అడుగుకు జారింది.

సాయంత్రం తల్లీబిడ్డా గడపలో కూర్చున్నారు. "చోవీస్," అంది ఫోను. ఇరవై నాలుగు గాలిపటం మంగళ కళ్ళముందే తేలుతోంది. వేలు దానంతట అది లేచింది. చేతులు రెండూ ఒళ్ళోకి లాక్కుంది. పిల్ల జవాబు కోసం తల్లి ముఖంలోకి చూసింది. మంగళ వీధివైపు తిరిగింది.

శ్రావణి నలభై రెండును తాకింది. ఫోను బుర్రుమని తప్పు చెప్పింది.

"మల్ల పోయింది."

"పోనియ్ బిడ్డా. మల్ల ఆడు."

"నేను బడికి పోయినంక నువ్వు ఆడవు కద?"

"ఆడను."

శ్రావణి కాసేపు తల్లి చేతుల వైపు చూసింది. తర్వాత ఫోనును ఆమెకు అందకుండా కొంచెం అవతలికి జరుపుకుని, మళ్ళీ మొదలుపెట్టింది.