సపోటా పిప్పి శాంపిల్

ఆ రోజుల్లో, అంటే ఎమ్మెస్సీ అయిపోయి రాజమండ్రిలో ఒక కాలేజీ ప్రాజెక్టులో మొదటి ఉద్యోగం దొరికిన కొత్తలో, లోకంలో నాకన్నా అదృష్టవంతురాలు నాతోపాటు చేరిన రింగుల జుట్టమ్మాయే అనిపించేది. తినే తిండిని బట్టి గబ్బిలాల జన్యువులు తరతరాలుగా ఎలా మారాయో తేల్చడం మా మాస్టారి పని. పురుగుల పెంకుల్ని అరిగించే జన్యువులు, పళ్ళకు మరిగిన గబ్బిలాల్లో మూలపడ్డాయని ఆయన ఎంతో ముద్దుగా చెప్పేవారు. శాంపిళ్ళు తేవడం మా ఇద్దరి పని. నా వంతుకి మండపేటలో మూతపడ్డ రైసుమిల్లూ, పురుగుల రెక్కలు కలిసిన గబ్బిలాల పెంటికలూ వచ్చాయి. ఆవిడ వంతుకి కోరుకొండ దారిలో సపోటా తోట వచ్చింది. గబ్బిలాలు నమిలి ఉమ్మేసిన పిప్పిని పొద్దున్నే ఏరుకోవడం, ఆపైన తోటావిడ పెట్టే పెసరట్టు ఉప్మా తినడం! నేను తుమ్ముకుంటూ వస్తే, ఆవిడ సంచీ నిండా సపోటాలతో వచ్చేది. (నాకూ రెండు ఇచ్చేది. అది మరీ ఒళ్ళు మండించేది.)

ఒకరోజు ఆవిడకి జ్వరం వచ్చిందంటే, అయ్యో అనైనా అనకుండా "నేను వెళ్తానండీ" అన్నాను. తోటావిడ "మా అమ్మాయి రాలేదేంటండీ?" అని చిన్నబుచ్చుకుంటూనే టిఫిన్ పెట్టి, బుట్టెడు పళ్ళు ముందుంచారు. కసితీరా తిన్నాను. లేచేసరికి చెట్ల కింద శుభ్రంగా ఊడ్చేశారు. ఖాళీ ట్యూబుతో వెళ్తే రింగుల జుట్టమ్మాయి ముందు నా పరువేం కాను? నేను నమిలిన పిప్పినే ట్యూబులో కూరి, లేబులు అంటించేశాను.

ల్యాబు రిపోర్టు వచ్చిన రోజు మాస్టారు మా ఇద్దర్నీ పిలిచారు. "తోటలో కొత్త జాతి దొరికిందర్రా. మనిషి జాతి!"

రింగుల జుట్టమ్మాయి మొహం పాలిపోయింది. "తోట శాంపిళ్ళన్నీ గ్లవ్స్ వేసుకునే తీశానండీ సార్, ఎక్కడో నా వల్లే పొరపాటు జరిగుంటుంది" అంది. ఒక్క క్షణం, ఒట్టు, ఊరుకుందామనిపించింది. కానీ ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆ పిప్పి నాదేనండీ" అన్నాను.

మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నువ్వు ఇక మిల్లుకే వెళ్ళవయ్యా. అక్కడి శాంపిల్ నువ్వు తినలేవు" అన్నారు. ఆవిడ మాత్రం నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడావిడ పేరు ముందు డాక్టర్ ఉంది. నేను పిల్లలకి జువాలజీ పాఠాలు చెప్పుకుంటున్నాను. మొన్న తన కొత్త పేపర్ అచ్చయిందని ఆవిడ ఫోన్ చేస్తే "చాలా సంతోషమండీ" అన్నాను. ఫోన్ పెట్టేసి, కాఫీ తాగి, వరండాలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాక నిజంగానే సంతోషం వేసింది. కుర్రతనంలో అయితే ఇదే సంతోషానికి కనీసం ఆర్నెల్లు పట్టేది.