భుజం మీద చెయ్యి

రైళ్ల చరిత్ర మీద మోజున్న మగవాళ్లకి ఇంజన్ కనిపిస్తే పక్కనున్న మనిషి కనిపించడు. ఈ మాట నేను కోపంగానే అంటున్నాను. బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక, భిలాయి ప్లాంటు లోపల తిరిగే రైళ్ల గురించి ఒక పుస్తకం రాద్దామని కూర్చున్నాను. మా నాన్న ఆ పట్టాల మీదే ఉద్యోగం చేశారు. ఆయన ఫొటో ఒక్కటైనా దొరుకుతుందన్న ఆశతోనే మొదలుపెట్టాను, అబద్ధమెందుకు.

రాయ్‌పూర్‌లో ఒక లైబ్రరీ ఉంది. ఇంజన్లంటే పడిచచ్చే పెద్దమనిషి ఒకాయన జీవితమంతా తీసిన ఫొటోలని, ఆయన పోయాక ఇంటివాళ్లు దానికి ఇచ్చేశారు. అట్టపెట్టెల నిండా ఆవిరి ఇంజన్లే. ప్రతి ఫొటో వెనక ఆయన చేత్తో రాసిన వివరం ఉంది: బాయిలర్ ఎవరు చేశారు, చక్రాలెన్ని, ఏ వైపు నుంచి తీశారు. ఒక ఫొటోలో ఇంజన్‌కి ముందూ వెనకా బంతిపూల దండలు, చివరనుండే గుండ్రటి బఫర్లకి పసుపు, బొట్లు. విశ్వకర్మ పూజ రోజన్నమాట. ఆ రోజు ప్లాంటులో ఎవరి మిషన్‌కి వాళ్లు పూజ చేస్తారు. ఇంజన్ ముందు కొందరు కుర్రాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. వెనక ఏం రాసుందంటే, "ఇంజన్, ఎడమ పక్క నుంచి". అంతే. మనుషుల ఊసే లేదు. నాకు ఒళ్లు మండింది. దానికి బొగ్గేసిన వాళ్లు, దాని ముందు జెండా ఊపిన వాళ్లు ఎవరికీ పట్టలేదా?

మా నాన్న అందులో లేరు. అయినా లైబ్రరీవాళ్లని అడిగి కాపీలు తెచ్చుకున్నాను. భిలాయిలో, రుఆబాంధాలోని మా వీధిలో పెద్దవాళ్లకి చూపిస్తే ఎవరెవరో చెబుతారు కదా అని.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక పిన్ని ఉంది. చుట్టరికం ఏమీ లేదు, వాళ్లదీ మాదీ పలాస వైపు కాబట్టి పిన్ని. మనవరాలి పెళ్లి దగ్గరపడి ఇంటి నిండా హడావుడి. మావైపు పెళ్లికి ముందు పెద్దలకి బట్టలు పెడతారు. పోయినవాళ్ల ఫొటో ముందు కొత్తబట్టలు, వండిన పదార్థాలు పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే ఇంట్లోవాళ్లు కొత్తవి కట్టుకుంటారు. పిన్ని ఇంట్లో ఫొటో లేదు. ఒక ఇత్తడి చెంబుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని ముందు పంచె పెడుతుంది.

"సెంబుకి పంచె పెట్టి పెట్టి ఇసుగొచ్చీసినాదమ్మా," అంది ఆ రోజు నాతో. "ఆయన మొకం నాకు గుర్తు లేదు. పైకి సెప్తే సిగ్గేస్తాది గానీ, నిజిం."

పెళ్లయిన ఏడాదికే కానుపుకని పుట్టింటికి వెళ్లింది. అక్కడ కొడుకు పుట్టాడు. ఇక్కడ ఆయనకి జ్వరమొచ్చి, కామెర్లలోకి దిగి, ప్లాంటు ఉద్యోగి పాసు ఇంకా మెరుపు తగ్గకముందే పోయాడు. కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి. పెళ్లికి ఫొటోలు తీయించే స్తోమత ఇద్దరి ఇళ్లలోనూ లేదు. పాసు మీదున్న బొమ్మ పాసుతోపాటు ఆఫీసుకి వెళ్లిపోయింది. ఆయన బదులు ఇచ్చిన ఉద్యోగంలో చేరి పిన్ని కొడుకుని పెంచింది. ఆఖరి రోజుల్లో ఆయన పక్కన ఎవరూ లేరన్న బాధ ఆవిడని ఎప్పుడూ వదల్లేదు.

ఏదో కాలక్షేపానికన్నట్టు నా కాపీలు ఆవిడ మంచం మీద పరిచాను. పూజ ఫొటో దగ్గర ఆగిపోయింది. కళ్లజోడు తీసి, పమిటతో తుడిచి, మళ్లీ పెట్టుకుని వరసలో ఒక కుర్రాడి మీద వేలు పెట్టింది.

"ఇదేటి, మా గుంటడు ఇందలకెలాగొచ్చీసినాడు?"

ఆవిడ కొడుక్కి ఇప్పుడు యాభై దాటాయి. ఆ ఇంజన్ స్క్రాపుకి పోయేనాటికి వాడు బడికి కూడా వెళ్లి ఉండడు. నేను అదే చెప్పబోయి నోరు మూసుకున్నాను. పిన్నికీ అప్పుడే అర్థమయినట్టుంది. వేలు తీయలేదు, ఏడవలేదు. "ఇంత సిన్నోడా?" అంది, అంతే. నాకే కళ్లు నిండిపోయాయి.

కానీ నాకు అనుమానం పట్టుకుంది. కొడుకు పోలిక ఉన్నంత మాత్రాన ఆయనే అని ఎలా చెప్పడం? పరాయివాడికి పంచె పెట్టకూడదు కదా. పక్కన నిలబడ్డ మనిషిని మాత్రం పిన్ని ఇట్టే గుర్తుపట్టింది. ఈ ఊళ్లోనే కోహ్కా వైపు ఉంటాడు, బతికే ఉన్నాడు, మనవాళ్ల పెళ్లిళ్లలో దూరంగా కనిపిస్తుంటాడు. ఆయన చెయ్యి ఈ కుర్రాడి భుజం చుట్టూ ఉంది.

ముందు ఫొటో పెద్దది చేయిద్దామని బజారులో స్టూడియోకి వెళ్లాం. ఒక్కడినే విడిగా తీస్తే చెయ్యి కూడా వచ్చేస్తోంది. పిన్ని గాభరా పడింది. "బతికున్నోడి సెయ్యి మీద దండెలాగ ఎయ్యను? అపచారం కాదా? ఆయనకేటైనా అయితే?" స్టూడియో భయ్యా తేలిగ్గా నవ్వాడు. "దో మినట్ కా కామ్ హై, మాతాజీ. రెండు నిమిషాల్లో చెయ్యి తీసేస్తా. కావాలంటే కోటు, టై కూడా వేస్తా."

"కోటెందుకు, కిరీటం కూడా పెట్టు!" అని అరిచాను. చరిత్ర మనిషిని కదా, పాత ఫొటోలో ఒక గీత చెరిపినా నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. తరవాత పిన్ని మొహం చూసి తగ్గాను. మొగుడు ఆవిడ మొగుడు, ఫొటోతో అవసరం ఆవిడది. నా పుస్తకం నియమాలు ఆవిడ నెత్తిన ఎందుకు రుద్దాలి? "సరే, తీయిద్దాం. కానీ ఆ చేతిగలాయన్ని ఒకసారి అడుగుదాం. మీ ఆయనేనో కాదో కూడా తేలుతుంది," అన్నాను.

కోహ్కాలో ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిన్నిని చూడగానే కర్ర కోసం వెతుక్కుంటూ లేచాడు. "రా సెల్లీ, కూకో," అన్నాడు గానీ ఆవిడ మొహంలోకి చూడలేదు. ఒకే ఊళ్లో ఇన్నేళ్లున్నా వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారట.

నేను ఫొటో చేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు.

"ఆడే," అన్నాడు.

పిన్ని గట్టిగా ఊపిరి వదిలింది. తరవాత మెల్లగా చేతి సంగతి చెప్పింది. "నీకేటీ అవకూడదని, అన్నయ్యా. నువ్వు ఒప్పుకుంటే సెయ్యి తీయించేస్తాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "తీస్తే ఆడెలాగ నిలబడతాడమ్మా? ఆ దినం ఒళ్లు కాలిపోతంది ఆడికి. పూజకి రావొద్దురా, పడుకో అన్నాను. ఇన్లేదు. సాహెబు ఫొటో తీస్తాడంట, ఒక కాపీ అడిగి ఊరికి పంపుతాను, ఇంటిది సూస్తాది అన్నాడు. కాళ్లు నిలవట్లేదు. నానే పట్టుకున్నాను."

పిన్ని ఫొటో అందుకుని ఆ చెయ్యి కేసి వంగి చూసింది.

"ఆస్పత్రిలో కూడా ఆకరిదాకా నానున్నాను. నీకు సెప్పాలని ఎన్నిసార్లనుకున్నానో. నువ్వా సిన్నదానివి, నాకేమో అప్పటికి పెళ్లి కాలేదు. నీ గుమ్మంలోకొస్తే నలుగురూ నాలుగు మాటలంటారు. నీకే సెడ్డ. ఆ తరవాత ఇంక..." చేత్తో గాలిలో ఏదో సైగ చేశాడు.

పిన్ని అప్పుడు ఏడ్చింది. నేను ఆపలేదు. ఆయన లోపలికి కేకేసి మంచినీళ్లు తెప్పించాడు.

ఫొటోని అలాగే, చేత్తో సహా పెద్దది చేయించాం. నా పంతం నెగ్గిందని సంతోషించడానికి కూడా నాకు మనసు రాలేదు. పెద్దలకి బట్టలు పెట్టే రోజున పిన్ని దానికి దండ వేయలేదు, బొట్టూ పెట్టలేదు. పళ్లెంలో పువ్వులు పోసి కింద పెట్టింది. దాని పక్కన పంచె, కండువా. రెండో జత ఒకటి కోహ్కా ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన వద్దంటూనే తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

అందరూ దణ్ణాలు పెట్టుకుని భోజనాలకి లేచారు. పిన్ని మాత్రం ఫొటో ముందు అలాగే కూర్చుంది. విస్తరి వేశామని పిలవడానికి వెనక్కి వెళ్లాను. నా అడుగు చప్పుడు వినలేదు. ఫొటోలోకి వంగి, పక్కింటి మనిషికి జవాబు చెప్పినంత మామూలుగా అంది:

"సూసినానయ్యా."