కంచం మీది పేరు

నానబెట్టిన చింతపండు పిప్పితో కంచును రుద్దినప్పుడు ఒక వాసన వస్తుంది. పులుపూ లోహమూ కలిసి ముక్కుపుటాలకు చురుక్కుమని తగిలే వాసన. ఉగాదికి ముందు ఒకసారి, దసరాకు ముందు ఒకసారి అటక మీది పాత సామానంతా దింపించి, పనిమనిషి పక్కన పీట వేసుకుని కూర్చుని తోమించడం రాజమండ్రిలోని మా ఇంట్లో నేను ఇప్పటికీ తప్పని నియమం. ప్రధానోపాధ్యాయినిగా బడి గంటను ఒక్క నిమిషం ఆలస్యం కానివ్వని దాన్ని, ఇంట్లో చెంబుల వరసలో గిన్నెను కలవనివ్వను. మొన్న అన్నీ తోమి ఎండలో బోర్లించాక, కొత్తగా చేరిన పనిమనిషి మూలన గోడకు ఆనించి ఉన్న కంచాన్ని చూసింది. అది నల్లబడి, అంచుల వెంట ఆకుపచ్చని చిలుము పట్టి ఉంది.

"ఇదొకటి మర్చిపోయామండి" అని చెయ్యి చాచింది.

"మర్చిపోలేదు. దాన్ని తోమం. అక్కడే ఉండనీ" అన్నాను. ఇంత శుభ్రం పాటించే మనిషి ఆ ఒక్కదాన్నీ అలా ఎందుకు వదిలేసిందా అన్నట్టు ఆమె నన్ను ఒకసారి చూసి, తన పనిలో పడింది.

మా నాన్నగారికి కాలువల శాఖలో ఉద్యోగం. రెండేళ్ళకోసారి బదిలీ. అందువల్ల నా చదువు చెడకూడదని కడియం దగ్గర పల్లెలో ఉండే అమ్మమ్మ దగ్గర నన్ను ఉంచారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది పుట్టినదాన్ని. నాకు జ్ఞాపకమున్న లోకమంతా ఆ ఇంటి చుట్టూ అల్లుకున్నదే. తెల్లవారుజామున తోటల నుంచి కనకాంబరాలూ మరువమూ గంపలకెత్తుకుని స్టేషనుకు పోయే ఆడవాళ్ళ మాటలకు మెలకువ వచ్చేది. వేసవిలో కాలువ కట్టేస్తే అడుగున మిగిలిన మడుగుల్లో పిల్లలందరం మోకాలి లోతు బురదలో చేపలకోసం తడుములాడేవాళ్ళం, మళ్ళీ నీళ్ళు వదిలారన్న కబురు వస్తే ఎర్రనీటి నురగ ముందు గట్టు మీద పరుగులు తీసేవాళ్ళం. అట్లతద్దినాడు చీకటితో లేచి గోంగూర పచ్చడితో చద్దన్నం తిని, ఉయ్యాలలూగి, గోరింటాకు పండిన చేతులు ఒకరికొకరం చూపించుకునేవాళ్ళం. మాఘమాసంలో మినపచేలు నూర్చే వేళకు ఊరంతా ఎండిన కాయల దుమ్ము వాసన, రథసప్తమినాడు పిడకల మీద పొంగే పాల వాసన, చిక్కుడాకుల్లో పెట్టిన పరమాన్నం రుచి.

ఆ ఇంట్లో ఎవరి కంచం వారిదే. కంచుపనికి పేరుపడ్డ అజ్జరం ఊరి కంచరిచేత పోయించిన బరువైన కంచాలు, ఒక్కొక్కదాని అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేరు. ఒకరి కంచంలో మరొకరు తినడం మా తాతగారి దృష్టిలో క్షమించరాని తప్పు. పొద్దున్నే నూతి పళ్ళెం గచ్చు మీద అమ్మమ్మ చింతపండు పిప్పి, ఇటుకపొడి పెట్టుకుని వాటిని వరసగా తోమేది. నేను నీళ్ళు పోసి, ఎండలో పేర్చేదాన్ని. ఇంట్లో తినే మనుషుల కంటే కంచాలు ఒకటి ఎక్కువ ఉండేవి. ఆ ఎక్కువైన కంచంలో ఎవరూ తినగా నేను చూడలేదు. అయినా అమ్మమ్మ దాన్నే అందరికంటే ముందు తోమేది.

అది సూర్యం మావయ్యది. నేను పుట్టకముందే సైన్యానికి వెళ్ళి, మళ్ళీ రాని మావయ్య.

అమ్మమ్మకు మా అమ్మ ఒక్కతే సంతానం. తమకు తలకొరివి పెట్టే కొడుకు కావాలని తాతగారు అమ్మమ్మ అన్నగారి రెండో కొడుకును అయిదేళ్ళ వయసులో దత్తత తెచ్చుకున్నారు. దత్తహోమం జరిగిన రోజునే ఆ కంచం మీద మా తాతగారి ఇంటిపేరుతో సూర్యనారాయణ అని చెక్కించారు. అన్నగారి పెద్దకొడుకు సామర్లకోటలో వాళ్ళ ఇంట్లోనే ఉండిపోయాడు. దత్తత వరసలను ఎంత చిత్రంగా మార్చేస్తుందంటే, ఒకే తల్లి బిడ్డల్లో ఇక్కడికి వచ్చిన తమ్ముడు నాకు మావయ్య, అక్కడ మిగిలిన అన్న నాకు పెదనాన్న.

ఆ తరవాతి సంగతి మా అమ్మ చెప్పగా విన్నది. మావయ్యకు ఇరవై దగ్గర పడుతుండగా సామర్లకోటలో కన్నతల్లి చనిపోయింది. తాతగారు తానే వెంటబెట్టుకుని తీసుకువెళ్ళారు. మూడో రోజు స్నానం కాగానే బండి కట్టించి, "ఇచ్చేసిన ఇంటి మైల నీకు మూడు రోజులేరా. పద" అన్నారు. శాస్త్రం అంతే చెప్పింది. తాతగారు శాస్త్రానికి ఒక రోజు కలిపే మనిషీ కాదు, ఒక రోజు తగ్గించే మనిషీ కాదు. మావయ్య ఎదురు చెప్పలేదు. వచ్చాడు, నెల తిరిగేదాకా పెట్టింది తిన్నాడు. ఒక రోజు పొద్దున భోజనం చేసి, తన కంచం తానే నూతి దగ్గరకు తీసుకెళ్ళి తోమి, బోర్లించి బయటికి వెళ్ళాడు. "మగవాడు కంచం తోముకుంటున్నాడని నేను నవ్వానే" అని అమ్మ చెప్పేది. సైన్యంలో చేరే కుర్రవాళ్ళ రైలుపెట్టెలో అతన్ని సామర్లకోట స్టేషనులో చూశామని మాత్రం వారం తరవాత ఊరివాళ్ళు వచ్చి చెప్పారు.

నేను మూడో తరగతిలో ఉండగా తాతగారు పోయారు. వాకిట్లో పురోహితుడు దర్భలు సర్దుకుంటూ, "కొడుకులున్నారాండి?" అని అడిగారు. లోపలి గదిలోంచి అమ్మమ్మ గొంతు వినిపించింది.

"ఉన్నాడండి. దేశాంతరం వెళ్ళాడు."

ఆ మాట ప్రకారమే దూరపు జ్ఞాతి ఒకాయన, రాని కొడుకు తరఫున దర్భ పుచ్చుకుని కర్మ జరిపించాడు. పన్నెండేళ్ళు కబురు లేని మనిషికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి ఉందని తరవాత బంధువులు ఎన్నోసార్లు చెప్పి చూశారు. అమ్మమ్మ ఆ మాట మొదలుపెట్టిన వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపేసేది.

ఏటా మాఘంలో, శివరాత్రికి నాలుగు రోజుల ముందు, అమ్మమ్మ అన్నగారు వచ్చేవారు. మేము సామర్లకోట తాతయ్య అనేవాళ్ళం. భీమేశ్వరుడి కల్యాణానికి చెల్లెల్ని పిలవడానికి వచ్చానని చెప్పేవారు. ఇల్లు వదిలి కదలని చెల్లెలు రాదని ఆయనకూ తెలుసు. చేతిసంచీలో మాకు చెరకు పానకపు ఉండలుండేవి. కాని ఆ రోజు ఆయన మా ఇంట్లో మెతుకు ముట్టేవారు కాదు.

"మా ఇంటి అన్నం చేదా అన్నయ్యా? పిల్లాణ్ణిచ్చినప్పుడు తిన్నావుగా" అని అమ్మమ్మ వేళాకోళం చేసేది.

"రేపు ఏకాదశి కదే. ఇవాళ ఒక్కపూటే. రాత్రికి ఒక అరటిపండియ్యి చాలు" అనేవారు.

తోమిన కంచాలు ఎండలో మెరుస్తుంటే ఆయన అటు వీపు పెట్టి అరుగు మీద కూర్చునేవారు. స్నానానికి కాలువకు వెళుతూ నన్ను వెంట తీసుకువెళ్ళేవారు. నడుములోతు నీళ్ళలో నిలబడి, దక్షిణానికి తిరిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని చాలాసేపు వదిలేవారు. క్రమం తప్పితే ఊరుకోని అలవాటు నాకు అప్పటికే ఉంది.

"తాతయ్యా, సూర్యుడు అటుంటే మీరు ఇటు తిరిగారేంటి?"

"కళ్ళల్లో పడుతున్నాడమ్మా" అన్నారు. నిజంగానే ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను నమ్మాను.

ఆ తాతయ్య పోయి, ఊళ్ళో ఇల్లు అమ్మి, అమ్మమ్మ మా అమ్మతోపాటు రాజమండ్రి చేరి, నేను ప్రధానోపాధ్యాయినిని అయ్యేసరికి తొంభైల మధ్యకు వచ్చాం. అమ్మమ్మకు తొంభై నిండాయి. నూతి పళ్ళెం పోయి కుళాయి వచ్చినా, ఇంటిల్లిపాదీ స్టీలు పళ్ళాలకు మారినా, కంచు కంచం ఒకటి మాత్రం రోజూ ఆమె చేతి కిందే ఉండేది. ఒక మధ్యాహ్నం దాన్ని తుడుస్తూ నన్ను పిలిచింది.

"అమ్మడూ, చదువుకున్నదానివి. వాడుంటే నా తలకొరివికి కబురు పెట్టు. లేకపోతే వాడి తిథి కనుక్కుని చెప్పు. రెంటిలో ఒకటి తేలకుండా నన్ను పంపించకండి."

అప్పటి నుంచి నేను సైన్యపు రికార్డులు భద్రపరిచే కార్యాలయాలకు వరసగా రాశాను. కంచం మీద ఉన్నది ఉన్నట్టు ఇంటిపేరు, పేరు, తాతగారి పేరు, ఊరు. ఒక చోట నుంచి ఇంకో చోటికి రాయమన్నారు. అక్కడి నుంచి అలాంటి వ్యక్తి ఎన్నడూ సైన్యంలో చేరలేదని జవాబు. మరో చోట అదే జవాబు. నాలాగే అన్నదమ్ముల కోసం, తండ్రుల కోసం రాస్తున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఈ ఊళ్ళోనే పరిచయమయ్యారు. ఎవరి దగ్గరా ఒక ఫోటో, ఒక ఊరి పేరు మించి లేవు. పోస్టుమన్ వచ్చే వేళకు అమ్మమ్మ గుమ్మంలో కుర్చీ వేయించుకునేది. లేడన్న జవాబును ఆమెకు చదివి వినిపించడం, నేను చేసిన అన్ని పనులకంటే కష్టమైనది.

మావయ్య చిన్నప్పటి బడి కాగితమేదైనా దొరుకుతుందేమోనని చివరకు సామర్లకోట వెళ్ళాను. పంచదార ఫ్యాక్టరీ నుంచి వచ్చే చెరకు మడ్డి వాసన వీధి చివరిదాకా ఉంది. పెదనాన్నకు చూపు మందగించింది, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఏ పేరు రాశావమ్మా?" అని అడిగారు.

"తాతగారి ఇంటిపేరే పెదనాన్నా. ఇంకేం రాస్తాను?"

"ఆ పేరుతో దొరకడు."

కాసేపు తువ్వాలుతో ముఖం తుడుచుకుని చెప్పారు. "మా ఇంటిపేరు చెప్పుకున్నాడు. తండ్రి ఎవరంటే మా నాన్నగారి పేరే చెప్పాడు. అందుకే సైన్యం నుంచి తంతి మా ఇంటికొచ్చింది. బర్మా సరిహద్దులో పోయాట్ట. యుద్ధం ఇంకా అవలేదప్పటికి."

"అన్నేళ్ళూ మాకెందుకు చెప్పలేదు?"

"నాన్నగారు నాచేత ఒట్టేయించుకున్నారు. 'పోయాడని చెబితే తంతి నీకెందుకొచ్చిందని అడుగుతుంది. పెంచినదాని పేరు వాడు చెప్పుకోలేదని నా చెల్లెలికి నేను చెప్పలేనురా' అన్నారు."

"పోనీ, మీరైనా కర్మ చేశారా?"

"ఎలా చేస్తామమ్మా? ఇచ్చేసిన పిల్లాడు. మాకు తెలుసు, అధికారం లేదు. మీకు అధికారం ఉంది, తెలీదు. మాఘ బహుళ దశమి వాడి తిథి. అందుకేగా నాన్నగారు ఏటా ఆ రోజుకి మీ ఇంటికొచ్చేవారు."

తిరుగు రైల్లో నాకు నడుములోతు నీళ్ళూ, దక్షిణానికి తిరిగిన ముసలి వీపూ తప్ప మరొకటి కనిపించలేదు. హక్కు లేని తండ్రి, హక్కున్న ఇంటి కాలువలో, ఎవరికీ వినబడకుండా కొడుక్కు నీళ్ళు వదిలాడు.

అమ్మమ్మకు అన్నీ వరసగా చెప్పాను. దాచడం నాకు చేతకాదు. దాచడం ఆ ఇళ్ళలో అప్పటికే చాలా జరిగింది. పోయాడన్నప్పుడు ఆమె కదలలేదు. ఏ పేరు చెప్పుకున్నాడో చెప్పినప్పుడు కంచం మీది చుక్కలను వేలితో ఒక చివర నుంచి ఇంకో చివరకు తడిమింది.

"నా పుట్టింటి పేరే కదా" అంది. కంచాన్ని ఒళ్ళోకి తీసుకుని, "పాపం అన్నయ్య. చేదా అని అడిగేదాన్ని" అంది.

దత్తుడికి మా గోత్రంతోనే కర్మ జరగాలని పురోహితుడు చెప్పారు. అమ్మమ్మ ఒప్పుకోలేదు.

"ఆయన మూడో రోజే బండెక్కించి తీసుకొచ్చేశారండి. ఈసారి వాణ్ణి ఎవరూ వెనక్కి పిలవొద్దు. వాడు ఏ ఇల్లు చెప్పుకున్నాడో ఆ ఇంట్లోనే పెట్టించండి."

సామర్లకోటలో పెదనాన్న తమ్ముడికి పది రోజులూ చేశారు. రాజమండ్రిలో అమ్మమ్మ పది రోజులూ మైల పట్టింది. పదకొండో రోజు అలవాటుగా చింతపండు నానబెట్టిన మా అమ్మను చూసి, "ఆ కంచం ఇక తోమకండే" అంది.

ఆ కార్తీకంలోనే అమ్మమ్మ పోయింది. కూతురి కొడుకు హోదాలో మా తమ్ముడు తలకొరివి పెట్టాడు. దర్భలు సర్దుతూ పురోహితుడు "కొడుకులు లేరాండి?" అన్నప్పుడు, మా అమ్మ లోపలి గది తలుపు వైపు చూసింది. ఈసారి అక్కడి నుంచి జవాబు రాలేదు.

ఇప్పుడు అమ్మా లేదు, పెదనాన్నా లేరు. కడియంలో మినపచేలున్న చోట మొక్కల తోటలు పరుచుకున్నాయి; ఎక్కడెక్కడి రాష్ట్రాలకో మొక్కలు మోసే లారీలు ఆ కాలువ గట్టు మీదే ఆగుతాయి. తాతయ్య దిగిన రేవు మెట్లు రోడ్డు వెడల్పులో పోయాయి. ఎవరి కంచం వారిదన్న నియమం నా ఇంట్లోనే చెల్లలేదు.

పనిమనిషి వెళ్ళాక సామానంతా వరస తప్పకుండా అటక ఎక్కించి, చివరగా దాన్ని చేతిలోకి తీసుకున్నాను. చిలుము కింద అక్షరాలు కంటికి ఆనడం లేదు. వేలికి మాత్రం చుక్కలు ఇంకా తగులుతున్నాయి. గిన్నెలో మిగిలిన చింతపండు పిప్పిని పారబోసి, చెయ్యి కడుక్కున్నాను.