కార్తీక సోమవారం, చేప ముక్క

మా పిల్లి వయసెంతో కచ్చితంగా ఎవరికీ తెలియదు. ఉద్యోగం దొరికి నేను కాకినాడ నుంచి అక్క దగ్గరికి వచ్చేనాటికే అది అక్క మంచం కింద ఇంటి పెద్దలా పడుకుని ఉండేది. అక్క పెళ్లి చేసుకోలేదు. బాచుపల్లిలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఖాజాగూడలో మేమిద్దరం ఉండే అద్దె ఫ్లాట్ నుంచి పొద్దున్నే బస్సెక్కితే, తిరిగొచ్చేసరికి ఆమె ముఖంలో నెత్తురుచుక్క ఉండదు. నేను ఇంట్లోనే కూర్చుని కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతుంటాను. ఆఫీసుకి రమ్మన్న రోజు మాత్రం వెళ్తాను.

కార్తీకమాసం మొదట్లో పిల్లి తిండి మానేసింది. గిన్నె దాకా నడిచొచ్చేది. వాసన చూసేది. ఒక్క గింజ నోట్లో పెట్టుకుని, జారవిడిచి, మా వైపు చూడకుండా వెళ్లిపోయేది. పాలు పోశాను, పెరుగన్నం కలిపాను, పిల్లి తిండి ప్యాకెట్లు రకరకాలవి తెప్పించాను. అన్నీ గిన్నెలోనే ఎండిపోయేవి. వెన్ను నిమిరితే ఎముకలు చేతికి తగిలేవి.

"వయసైపోయిందే దానికి," అంది అక్క. "పోయే ముందు ఇలాగే తిండి మానేస్తాయి. విసిగించకు, ప్రశాంతంగా ఉండనీ."

అలా అన్న మనిషే పూజ చేసుకుని వచ్చి, మంచం పక్కన మోకాళ్ల మీద వంగి దాంతో ఏదో గొణుగుతూ ఉండేది. నాకు అక్కతో వాదించే ఓపిక లేదు, ఆమె మాట నమ్మి ఊరుకోవడానికి మనసూ ఒప్పలేదు. ఒక రోజు సెలవు పెట్టి, పిల్లిని బుట్టలో పెట్టుకుని క్యాబ్ ఎక్కాను.

"పిల్లా మేడమ్? సీటు మీద పెట్టకుండ్రి, ఒళ్లో పట్టుకోండ్రి," అన్నాడు డ్రైవరు. ఫ్లైఓవర్ మీద బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. పిల్లి ఒక్కసారి కూడా అరవలేదు. ఇదివరకు బుట్ట చూస్తేనే ఇల్లు పీకి పందిరేసేది. ఆ మౌనానికే నాకు ఎక్కువ భయమేసింది.

జంతువుల డాక్టరు పెద్దాయన. "ఎప్పటిసంది తింటలేదమ్మా?" అని అడుగుతూనే దాని పెదవి పైకెత్తి, "జర ఇటు చూడుండ్రి," అన్నాడు. వెనక చిగుళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ఒక పన్ను విరిగి లోపలికి కుళ్లిపోయింది.

"దీనికి ఆకలి లేక కాదు. ఆకలైతుంది. నొప్పికి తింటలేదు."

రక్తపరీక్ష చేయించాడు. కిడ్నీలు బలహీనంగా ఉన్నాయట. "మత్తిచ్చి పళ్లు తీయాలె. ముసలిది గద, తట్టుకుంటదో లేదో నేను చెప్పలేను. తీయకుంటే మాత్రం గిట్లనే ఎండిపోతది."

అక్కకి ఫోన్ చేశాను. వెనకాల స్కూలు బెల్లు మోగుతోంది. నేను చెప్పిందంతా వింది.

"ఆకలేస్తోందా దానికి?" అంది. "ఇన్నాళ్లూ ఆకలేస్తూనే ఉందా?"

"అవునట."

"తీయించెయ్."

మత్తుని తట్టుకుంది. కాళ్లు తడబడుతూ ఇంటికొచ్చింది. కష్టం అయిపోయిందనుకున్నాను గానీ, పళ్లు తీసినా అది తినలేదు. వికారం తగ్గడానికి మందిచ్చి, దానంతటది తినే దాకా మెత్తటి ఆహారం సిరంజితో బుగ్గలోకి కొద్దికొద్దిగా పట్టమన్నాడు డాక్టరు. మీటింగుకీ మీటింగుకీ మధ్య అదే నా పని. మింగిన దానికన్నా నా చొక్కా మీద ఉమ్మిందే ఎక్కువ. మూడో నాటికి సిరంజి కనిపిస్తే చాలు, స్నానాల గది ముందున్న వాషింగ్ మెషీన్ వెనక దూరేది. ఒక సాయంత్రం ఎంత పిలిచినా రాలేదు. సిరంజి చేతిలో పట్టుకుని ఆ మెషీన్ పక్కనే నేల మీద కూలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. లేచే ఓపిక లేక అలాగే ఉండిపోయాను.

అప్పుడే అక్క స్కూలు నుంచి వచ్చింది. నన్ను చూసింది, మెషీన్ సందులోకి చూసింది. చీర కూడా మార్చుకోకుండా సంచీ తీసుకుని మళ్లీ బయటికి వెళ్లింది. వచ్చేటప్పుడు నల్ల కవరులో చేప తెచ్చింది.

కార్తీకంలో మా ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగం. పైగా అక్క పొద్దుట్నుంచీ ఉపవాసం.

"అక్కా, ఇవాళ సోమవారం," అన్నాను.

"నాకు సోమవారం. పిల్లికేంటే?"

బాల్కనీలో కరెంటు పొయ్యి పెట్టుకుని ఉప్పు, పసుపు లేకుండా ఉడకబెట్టింది. ముక్కు చీర కొంగుతో కట్టుకుని ఒక్కో ముల్లూ ఏరింది. గుజ్జుగా మెదిపి, కాస్త చల్లార్చి, స్నానాల గది ముందు తడి నేల మీద పక్కకి పడుకుని ఆ సందులోకి చెయ్యి చాపింది. కాసేపటికి అక్క ముఖం మారింది.

"నాకుతోందే," అంది గుసగుసగా. తర్వాత దాంతో, "మెల్లగా తల్లీ, ఎవరూ లాక్కోరు," అంది.

కాస్తే తింది. సగం వేలి మీద, సగం నేల మీద. అయినా దానంతటది తింది.

ఆ తర్వాత అక్క తలస్నానం చేసి దీపం పెట్టింది. చుక్క చూసి భోంచేద్దామని బాల్కనీలోకి వెళ్తే, ఎదురు టవర్ల లైట్ల వెలుగులో ఆకాశమే కనిపించలేదు. "ఉండే ఉంటుందిలే," అని లోపలికొచ్చి అన్నం వడ్డించుకుంది.

ఆ పిల్లి ఇప్పటికీ ఉంది. గట్టివేవీ తినదు. కిడ్నీల కోసం రోజు విడిచి రోజు చర్మం కిందికి సెలైన్ ఎక్కించాలి. డాక్టరు దగ్గర నేర్చుకుని వంతులేసుకున్నాం. కొన్నాళ్లు తింటుంది, కొన్నాళ్లు అలుగుతుంది. అలిగినప్పుడల్లా మళ్లీ మొదటికొచ్చినట్టే ఉంటుంది మాకు. ఇంకెన్నాళ్లో అని అక్కా అనదు, నేనూ అడగను. ఇవాళ నా వంతు. సెలైన్ అయ్యాక ముద్దలు కలిపి పెడితే కొంచెం తిని, మూతి తుడుచుకుంటూ వెళ్లి ఎండలో పడుకుంది. మిగిలింది మూతపెట్టి, చేతులు కడుక్కుని, లాప్‌టాప్ తెరిచాను.