ఎలిజబెత్తమ్మ పందిపిల్లలు

నకరికల్లులో చర్చి వెనక వీధి పిల్లల్లో సగం మంది పుట్టగానే చూసిన ముఖం ఎలిజబెత్తమ్మదే. ఆమె మంత్రసాని. ఇరవై ఏళ్ళుగా పరాయి బిడ్డల్ని కడిగి తల్లుల ఒళ్ళో పెట్టిన మనిషికి సొంత బిడ్డ మాత్రం దక్కలేదు. ఆమె, భర్త చిన్నప్ప, ఒక నల్లపంది. అదే వాళ్ళ సంసారం.

రెండో ప్రపంచ యుద్ధం ఆగిన మరుసటి ఏడు, జొన్నకోతలప్పుడు పంది తొమ్మిది పిల్లల్ని ఈనింది. ఆరో రోజున ఒక పిల్లకి చెవుల వెనక గోధుమరంగు మచ్చలు లేచాయి. మర్నాటికి ఆముదం పూసినట్టు ఒళ్ళంతా జిడ్డు కారి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి పెచ్చులు కట్టింది. వేలు ఆనిస్తే పైతోలు ఊడి వచ్చేది. మూడు రోజుల్లో రెండు పిల్లలు పోయాయి, మరి నాలుగింటికి అంటుకుంది.

గజ్జి అనుకుని చిన్నప్ప వేపనూనె రాశాడు. ఏమీ తగ్గలేదు.

“ఏమే, మిగిలినయ్యన్నా దక్కాలంటే రోగమొచ్చినయ్యి పారేద్దాం.”

“ఊపిరాడతా ఉంటే పారేసేదేందయ్యా?” అని, ఒక పిల్లను బుట్టలో పెట్టుకుని ఆమె నరసరావుపేటకి నడిచింది.

పందిని తెచ్చినందుకు కసురుకుంటారేమోనని పశువుల ఆసుపత్రి గుమ్మం బయటే నిలబడింది. డాక్టరు ధనుంజయరావే లేచొచ్చి, పిల్ల పెదవి ఎత్తి చూపించాడు.

“ఈ పళ్ళు చూడమ్మా, సూదుల్లా ఉన్నాయి. పాలకోసం కొట్లాడి ఒకదాన్నొకటి గీరుకుంటాయి. ఆ గీతల్లోంచి కంటికి కనపడని క్రిమి లోపలికి పోతుంది. అది వదిలే విషానికి పైతోలు పట్టు విడిచి ఊడిపోతుంది. నేననుకునేది ఇదీ.”

“మందుందా అయ్యా?”

“సరైన మందు నా దగ్గర లేదు. సబ్బుతో కడుగు, పొడిగా ఉంచు, పళ్ళ కొనలు కత్తిరించు. బతుకుతాయని మాత్రం మాటివ్వలేను.”

“కడగటం నాకొచ్చయ్యా,” అంది ఎలిజబెత్తమ్మ.

కాన్పులకని దాచుకున్న సబ్బు తీసింది. గోరువెచ్చని నీళ్ళతో పెచ్చులు నానబెట్టి, పసిబిడ్డ మాడు తడిమినంత మెల్లగా ఒక్కొక్క పిల్లనీ కడిగింది. పాతచీర ముక్కలతో తుడిచి పొయ్యి దగ్గర ఆరబెట్టింది. రోజూ కొత్తగడ్డి పరిచింది. అరుగు మీంచి చూస్తున్న చిన్నప్ప రెండో రోజుకి దిగొచ్చి పిల్లల్ని పట్టుకున్నాడు. పళ్ళ కొనలు అతనే పటకారుతో తుంచాడు.

అయినా నాలుగో రోజున ఇంకో రెండు పోయాయి. ఆమె వాటి పక్కనే కూలబడిపోయింది. చిన్నప్ప గొయ్యి తీసి పూడ్చి వచ్చి, తనే పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు.

“లెగువే. కళ్ళు మూసుకుపోయినదానికి ఇంకా నీళ్ళు పొయ్యలా,” అన్నాడు.

ఆ పిల్లకి రెప్పలు అంటుకుపోయి తల్లి దగ్గరికి దారి తెలిసేది కాదు. ఆమె తడిదూదితో రెప్పలు తుడిచి, గుడ్డవత్తితో మేకపాలు పట్టింది. ఎనిమిదో రోజున అది ఒక కన్ను తెరిచి ఆమె వేలు చీకింది. ఎలిజబెత్తమ్మ నవ్వబోయి ఏడ్చేసింది.

ఐదు పిల్లలు బతికాయి. పెచ్చులు రాలినచోట ఎర్రటి లేతతోలు వచ్చింది.

“ఇదేందే, మనింట్లో దొరలు పుట్టారు!” అన్నాడు చిన్నప్ప.

మళ్ళీ ఈతకి పదకొండు పిల్లలు. పుట్టిన పూటే మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చుని అన్నింటి పళ్ళూ కత్తిరించారు. ఒక్కదానికీ మచ్చ రాలేదు.